భౌతిక శాస్త్రవేత్తల చేతిరాత ఉత్తరాలను సేకరించే విధానం

1915 డిసెంబరు 22న, మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా పనిచేస్తున్న జర్మన్ ఖగోళవేత్త కార్ల్ ష్వార్జ్‌షీల్డ్ యుద్ధరంగం నుంచి ఐన్‌స్టీన్‌కు ఒక ఉత్తరం రాశారు. సాధారణ సాపేక్ష సిద్ధాంతపు సమీకరణాలు తుదిరూపం దాల్చి అప్పటికి నెల కూడా నిండలేదు. వాటికి తొలి కచ్చితమైన సాధన ఆ ఉత్తరంలో ఉంది. 1938 డిసెంబరు 19 రాత్రి బెర్లిన్ ప్రయోగశాలలో కూర్చుని రసాయనవేత్త ఆటో హాన్, అప్పటికే జర్మనీ విడిచి స్వీడన్ చేరిన భౌతిక శాస్త్రవేత్త లీజ్ మైట్నర్‌కు, యురేనియంపై న్యూట్రాన్లను ప్రయోగించగా వచ్చిన పదార్థం యురేనియం కంటే ఎంతో తేలికైన బేరియంలాగా ప్రవర్తిస్తోందనీ, దీనికి ఆమే ఏదైనా వివరణ ఆలోచించాలనీ రాశారు. కేంద్రక విచ్ఛిత్తి, అంటే పరమాణు కేంద్రకం రెండుగా చీలడం, సంగతి లోకానికి తెలిసింది ఆ తర్వాతనే. భౌతిక శాస్త్రవేత్తల ఉత్తరాల్లో ఇటువంటి క్షణాలు దొరుకుతాయి: ఫలితం ఇంకా అచ్చుకు ఎక్కలేదు, రాసినవారికే పూర్తి నమ్మకం కుదరలేదు, అయినా మనసెరిగిన మరొకరికి చెప్పుకోవాలనిపించింది.

ఇంతటి ఉత్తరాలు మామూలు సేకర్తకు దొరకవు. అయితే ఉపన్యాసానికి రాలేనని చెప్పుకుంటూ, అచ్చుచిత్తులు త్వరగా పంపమని అడుగుతూ, పరికరాలు చేసేవారికి కొలతలు తెలుపుతూ, శిష్యుడి ఉద్యోగం కోసం సిఫారసు చేస్తూ శాస్త్రవేత్తలు రాసిన ఉత్తరాలు వేల సంఖ్యలో ఇప్పటికీ చేతులు మారుతూనే ఉన్నాయి. వాటిని సేకరించాలనుకునేవారికి నేను అడుగడుగునా చెప్పేది ఒక్కటే: ఉత్తరాన్ని చదవగలగాలి. ఎంచుకోవడానికీ, ధర అంచనా వేయడానికీ, నకిలీని పట్టుకోవడానికీ, పదిలపరచడానికీ ఆ చదువే ఆధారం. సంతకాన్ని మాత్రమే చూసి కొనేవారు త్వరగా మోసపోతారు, అంతకంటే త్వరగా విసుగు చెందుతారు.

స్వహస్త లేఖ అంటే ఏది?

వేలం పట్టికల్లో కొన్ని పొడి అక్షరాలు కనిపిస్తాయి. ఏ.ఎల్.ఎస్. అంటే మొత్తం స్వహస్తంతో రాసి సంతకం చేసిన ఉత్తరం. ఎల్.ఎస్. అంటే మరొకరు రాయగా శాస్త్రవేత్త సంతకం మాత్రమే చేసిన ఉత్తరం. టి.ఎల్.ఎస్. అంటే టైపు చేసి సంతకం పెట్టినది. ఏ.ఎన్.ఎస్. అంటే రెండు మూడు పంక్తుల స్వహస్తపు చీటీ. ఈ తేడాలు ధరను ఎన్నో రెట్లు మారుస్తాయి కనుక పట్టికలో పొడి అక్షరాలను ముందు చదివి, బొమ్మను ఆ తర్వాత చూడటం అలవాటు చేసుకోవాలి.

ఈ విభజన ఒక్కో శాస్త్రవేత్త విషయంలో ఒక్కో రకంగా పనిచేస్తుంది. ఐన్‌స్టీన్‌కు 1928 నుంచి హెలెన్ డ్యూకాస్ కార్యదర్శిగా ఉన్నారు; అమెరికా వెళ్లిన తర్వాత ఆయన పేర వెలువడిన ఇంగ్లీషు ఉత్తరాలు చాలావరకు టైపు చేసినవే. జర్మన్‌లో స్వయంగా రాసినవి దొరికితే వాటి విలువ వేరు. నీల్స్ బోర్ సంగతి మరీ విశేషమైనది. ఆయన చెప్తూ ఉంటే మొదట తల్లి, తర్వాత భార్య మార్గరెథే, ఆ తర్వాత సహాయకులు రాసేవారు. అందువల్ల బోర్ ఆలోచన అక్షరాలా ఆయనదే అయినా దస్తూరి మరొకరిది అయిన పత్రాలు ఎన్నో ఉన్నాయి. అది లోపమేమీ కాదు; కానీ స్వహస్త లేఖ అన్న పేరుతో దాన్ని అమ్మితే మాత్రం తప్పే. స్టీఫెన్ హాకింగ్ వ్యాధి కారణంగా 1970లలో కలం పట్టే శక్తిని పూర్తిగా కోల్పోయారు. ఆ తర్వాతి కాలపు చేతిరాత ఉత్తరం అని ఎవరైనా చూపిస్తే వెంటనే పక్కన పెట్టవచ్చు. ఆయన సంతకానికి బదులుగా వేలిముద్ర వేసిన పుస్తకాలు మాత్రం నిజంగానే ఉన్నాయి.

కాబట్టి ఎవరి ఉత్తరం కొనాలనుకున్నా, ఆ మనిషి ఏ వయసులో ఎలా రాసేవారు, ఎవరి చేత రాయించేవారు, ఏ భాషలో రాసేవారు అన్నది ముందుగా తెలుసుకోవాలి.

పరిధి

కొత్తగా మొదలుపెట్టేవారు గొప్ప పేర్ల జాబితా రాసుకుని ఒక్కొక్కటి కొట్టివేస్తూ పోదామనుకుంటారు. ఆ పద్ధతి నాకు నచ్చదు. అలా కూడిన సేకరణలో ఒక ఉత్తరానికీ మరో ఉత్తరానికీ చుట్టరికం ఉండదు. పది పేర్లు ఉంటాయి, ఒక కథ ఉండదు. దానికి బదులు ఒక ప్రశ్నను గానీ, ఒక ప్రయోగశాలను గానీ, ఒక పదేళ్ల కాలాన్ని గానీ ఎంచుకుంటే రెండో ఉత్తరం మొదటిదానికి అర్థం చెప్పడం మొదలుపెడుతుంది. అట్లాంటిక్ సముద్రగర్భంలో టెలిగ్రాఫ్ తీగ వేసిన కాలం తీసుకోండి. లార్డ్ కెల్విన్‌తో పాటు ఇంజినీర్లు, తీగ తయారు చేసినవారు, పరికరాల నిపుణులు ఆ ఉత్తర ప్రత్యుత్తరాల్లో కలుస్తారు. వారిలో చాలామంది ఉత్తరాలు కెల్విన్ ఉత్తరం కంటే చాలా తక్కువకు దొరుకుతాయి. చదివితే మాత్రం కెల్విన్ ఉత్తరంలో ఒక వాక్యం ఎందుకు ఉందో వాటివల్లే తెలుస్తుంది.

ఎవరివి దొరుకుతాయి, ఎవరివి దొరకవు అన్నదానికి కారణాలు ఉన్నాయి, అవి తెలుసుకోవడం అవసరం. మైకేల్ ఫారడే విస్తారంగా రాశారు. ఆరు సంపుటాలుగా అచ్చైన ఆయన ఉత్తర ప్రత్యుత్తరాల్లో సుమారు 5 వేల ఉత్తరాలు ఉన్నాయి. ఆయన చిన్న ఉత్తరాలు బజారులో తరచుగానే కనిపిస్తాయి. కెల్విన్, జాన్ టిండల్, ఆలివర్ లాడ్జ్ కూడా అంతే. జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ 1879లో 48 ఏళ్లకే మరణించారు, గ్లెన్‌లేర్‌లోని ఆయన ఇల్లు 1929లో కాలిపోయింది. ఆయన ఉత్తరం అమ్మకానికి రావడం అరుదు. మాక్స్ ప్లాంక్ బెర్లిన్ ఇల్లు 1944 ఫిబ్రవరిలో బాంబుదాడికి ధ్వంసమైంది, అందులోని కాగితాలూ పోయాయి. ప్లాంక్‌కు ఇతరులు రాసిన ఉత్తరాలు ఆ విధంగా నశించగా, ప్లాంక్ ఇతరులకు రాసినవి అందుకున్నవారి ఇళ్లలో మిగిలాయి.

సేకర్త మరువకూడని సంగతి ఇందులోనే ఉంది. ఉత్తరం రాసినవారి దగ్గర ఉండదు, అందుకున్నవారి దగ్గర ఉంటుంది. ఒక శాస్త్రవేత్త ఉత్తరాలు ఎక్కడ తేలతాయో తెలియాలంటే ఆయన ఎవరికి రాసేవారో తెలుసుకోవాలి: ప్రచురణకర్తలు, అనువాదకులు, వైద్యులు, పరికరాల తయారీదారులు, విద్యార్థులు. వారి వారసులు ఇల్లు ఖాళీ చేసేటప్పుడు బయటపడే కట్టల్లోనే మంచి ఉత్తరాలు ఉంటాయి.

న్యూటన్ గురించి కూడా ఒక మాట. ఆయన వైజ్ఞానిక పత్రాలను, వాటిని వారసత్వంగా పొందిన పోర్ట్స్‌మత్ కుటుంబం 1872లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి అప్పగించింది. మిగిలినవి 1936లో సోథ్‌బీస్ వేలంలో మొత్తం కలిపి 9 వేల పౌండ్లకు కాస్త పైచిలుకు పలికాయి. ఆర్థిక శాస్త్రవేత్త కీన్స్ వాటిలో చాలా భాగాన్ని తిరిగి కూడబెట్టి కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలకు చేర్చారు. ఇప్పుడు న్యూటన్ స్వహస్త లేఖ బయటికి వస్తే అది గొప్ప సంస్థల మధ్య పోటీ. మనం దాన్ని కొనలేకపోయినా చదవవచ్చు, చదవాలి కూడా.

చదవడం నేర్చుకోవడం

ఒక్క ఉత్తరం కూడా కొనకముందు కనీసం ఆరు నెలలు అసలు ప్రతుల బొమ్మలు చదవాలని నా సలహా. దీనికి డబ్బు అక్కర్లేదు. ఐన్‌స్టీన్ సమగ్ర పత్రాలను ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం 1987 నుంచి సంపుటాలుగా ప్రచురిస్తోంది. వాటిని ఇంటర్నెట్‌లో ఉచితంగా చదవవచ్చు. ఐన్‌స్టీన్ తన పత్రాలను జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయానికి రాసి ఇచ్చారు, అక్కడి భాండాగారం ఎన్నో పుటల బొమ్మలను చూపిస్తోంది. న్యూటన్ రాతలను ఆక్స్‌ఫర్డ్‌లోని న్యూటన్ ప్రాజెక్టు అక్షరబద్ధం చేసింది. పంతొమ్మిదో శతాబ్దపు వైజ్ఞానిక ఉత్తరాలను కేంబ్రిడ్జిలోని ఎప్సిలాన్ అనే వెబ్‌సైటు ఒక్కచోటికి చేర్చింది. వోల్ఫ్‌గాంగ్ పౌలి పత్రాలు జెనీవా దగ్గరి కణ భౌతిక ప్రయోగశాల సెర్న్‌లో, బోర్ పత్రాలు కోపెన్‌హాగన్‌లోని నీల్స్ బోర్ ఆర్కైవ్‌లో ఉన్నాయి.

అచ్చైన పాఠాన్ని పక్కన పెట్టుకుని అసలు పుట బొమ్మను పంక్తి పంక్తీ చదవండి. మొదటి వారం అక్షరాలు గజిబిజిగా ఉంటాయి. నెల తిరిగేసరికి ఒక మనిషి తొందరలో ఏ అక్షరాన్ని మింగేస్తారో, సమీకరణం రాసేటప్పుడు చేయి ఎలా నెమ్మదిస్తుందో కంటికి తెలుస్తుంది. సమీకరణాల మీద ప్రత్యేక దృష్టి పెట్టమంటాను. సంతకాన్ని సాధన చేసి అనుకరించేవారు ఉంటారు గానీ, సమాకలన గుర్తును, గ్రీకు అక్షరాలను, భిన్నం గీతను ఒక శాస్త్రవేత్త వేగంగా రాసే తీరును అనుకరించడం చాలా కష్టం. అవి ఆయన జీవితమంతా రోజూ రాసిన అక్షరాలు, అలవాటు అక్కడే గాఢంగా ఉంటుంది.

జర్మన్ శాస్త్రవేత్తల మీద ఆసక్తి ఉంటే కుర్రెంట్ అనే పాత జర్మన్ లిపి నేర్చుకోక తప్పదు. జర్మనీ బడుల్లో 1941 దాకా ఆ తరహా లిపి నేర్పేవారు; పంతొమ్మిదో శతాబ్దపు ఉత్తరాలు ఎక్కువగా అందులోనే ఉంటాయి. లాటిన్ లిపి మాత్రమే తెలిసినవారికి అది అర్థం కాదు. చదవలేని ఉత్తరాన్ని అమ్మేవారూ సరిగా చదివి ఉండరు కనుక, ఆ లిపి వచ్చినవారికి మేలైన అవకాశాలు దొరుకుతాయి.

తేదీల విషయంలో జాగ్రత్త అవసరం. ఇంగ్లండులో 1752 దాకా జూలియన్ క్యాలెండరు నడిచింది, అప్పట్లో అధికారికంగా కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. మహామహుల భుజాలపై నిలబడి తాను మరింత దూరం చూడగలిగానని రాబర్ట్ హుక్‌కు న్యూటన్ రాసిన ప్రసిద్ధ లేఖపై 1675 ఫిబ్రవరి 5 అని ఉంటుంది. మన లెక్కలో అది 1676. ఈ సంగతి తెలియక మంచి ఉత్తరాన్ని అనుమానించేవారూ, చెడ్డదాన్ని నమ్మేవారూ ఉన్నారు.

ఎక్కడ కొనాలి, ఎంత ఇవ్వాలి

మూడు దారులు ఉన్నాయి: స్వహస్త పత్రాల వ్యాపారులు, వేలం సంస్థలు, కుటుంబాల నుంచి నేరుగా. మొదటి రెండు మూడు కొనుగోళ్లకు వ్యాపారే మంచిది. ధర కాస్త ఎక్కువైనా, ఉత్తరం నకిలీ అని తేలితే ఎప్పుడైనా డబ్బు తిరిగి ఇస్తామని రాతపూర్వకంగా హామీ ఇచ్చే వ్యాపారులు ఉన్నారు. ఆ హామీకి గడువు ఉంటే అది హామీ కిందికి రాదు. వేలంలో అయితే సుత్తి పడిన ధర మీద కొనుగోలుదారు రుసుము 20 శాతమో అంతకు మించో పడుతుంది, ఆపైన పన్నులు, బీమా, రవాణా. ఇవన్నీ కలిపి తుది మొత్తం కాగితం మీద వేసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టి, ఎంతవరకు పాడాలో వేలానికి ముందు రోజే నిర్ణయించుకోవాలి. జర్మన్ శాస్త్రవేత్తల ఉత్తరాలకు 1830లో మొదలైన బెర్లిన్ సంస్థ స్టార్‌గార్ట్ పట్టికలు మంచి పాఠాలు. కొనకపోయినా వాటిని చదివితే వర్ణన ఎలా రాయాలో తెలుస్తుంది.

ధర ప్రధానంగా విషయాన్ని బట్టి ఉంటుంది. 1946లో భౌతిక శాస్త్రవేత్త లుడ్విక్ సిల్బర్‌స్టీన్‌కు రాసిన ఉత్తరంలో ఐన్‌స్టీన్ శక్తికీ ద్రవ్యరాశికీ ఉన్న ప్రసిద్ధ సమీకరణాన్ని తన చేత్తో రాశారు. 2021లో అది 12 లక్షల డాలర్లు పలికింది, అంచనాకు దాదాపు మూడు రెట్లు. దేవుడి గురించి 1954 జనవరి 3న తత్త్వవేత్త ఎరిక్ గుట్‌కిండ్‌కు ఆయన జర్మన్‌లో రాసిన లేఖకు 2018లో దాదాపు 29 లక్షల డాలర్లు వచ్చాయి. ఇదే చేత్తో అదే సిరాతో రాసిన కృతజ్ఞతల చీటీ అందులో వందో వంతు కూడా పలకదు. చేతిరాతే సర్వస్వమని కూడా అనుకోకూడదు: అణుబాంబు అవకాశం గురించి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు 1939 ఆగస్టు 2 తేదీతో ఐన్‌స్టీన్ సంతకం చేసిన లేఖ టైపు చేసినది. దాని రెండు పాఠాల్లో ఒకటి 2024 వేలంలో 39 లక్షల డాలర్లకు పోయింది.

మామూలు సేకర్తకు దీని నుంచి అందే పాఠం ఏమిటంటే, ఉన్న డబ్బుతో గొప్ప పేరున్న పేలవమైన చీటీ కొనడం కంటే, అంత పేరు లేని మంచి శాస్త్రవేత్త తన పని గురించి మూడు పుటలు రాసిన ఉత్తరం కొనడం మేలు. రెండోదాన్ని మళ్లీ మళ్లీ చదవవచ్చు.

పెట్టుబడి అనే మాటతో ఎవరైనా ఉత్తరాలు అమ్మజూపితే దూరంగా ఉండాలి. ఫ్రాన్సులో అరిస్టోఫిల్ అనే సంస్థ చేతిరాత పత్రాల్లో వాటాలను సుమారు 18 వేల మందికి అమ్మి 2015లో కూలిపోయింది. ఆ పత్రాలన్నీ తర్వాత ఏళ్ల తరబడి వేలాల్లోకి వచ్చాయి. సాధారణ సాపేక్షత కోసం ఐన్‌స్టీన్, ఆయన మిత్రుడు మిషెల్ బెసో కలిసి వేసిన లెక్కల చిత్తుప్రతి కూడా వాటిలో ఉంది.

నకిలీలు

ఈ విద్యలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన పాఠం మిషెల్ షాల్ కథ. ఆయన ఫ్రాన్సులో పేరెన్నికగన్న జ్యామితివేత్త, ఫ్రెంచి విజ్ఞాన అకాడమీ సభ్యుడు. గురుత్వ నియమాన్ని న్యూటన్ కంటే ముందే ఫ్రెంచి గణితవేత్త పాస్కల్ కనుగొన్నాడని నిరూపించే ఉత్తరాలంటూ 1867లో కొన్నింటిని అకాడమీ ముందుంచారు. వాటిని ఆయనకు అమ్మిన డెనీ వ్రెన్-లూకా, పాత పుస్తకాల్లోని ఖాళీ కాగితాలు కత్తిరించి, వాటి మీద తానే రాసిన నకిలీలను ఏళ్ల తరబడి అంటగట్టాడు. మొత్తం 27 వేలకు పైచిలుకు. వాటిలో క్లియోపాత్రా పేర ఫ్రెంచి భాషలో, కాగితం మీద రాసినవి కూడా ఉన్నాయి. 1870లో న్యాయస్థానం అతనికి రెండేళ్ల జైలుశిక్ష విధించింది.

మోసం ఎలా బయటపడిందో గమనించండి. పాస్కల్ దస్తూరి ఇది కాదని ఆయన రాతప్రతులు చదివినవారు అన్నారు. 1654లో పాస్కల్ ఎవరితో గురుత్వం గురించి చర్చించాడని ఆ ఉత్తరాలు చెబుతున్నాయో ఆ న్యూటన్ అప్పటికి పదకొండేళ్ల బాలుడని మరికొందరు గుర్తు చేశారు. పాస్కల్ లెక్క కట్టినట్టు చూపిన గ్రహాల అంకెలు న్యూటన్ ప్రిన్సిపియా గ్రంథపు 1726 నాటి మూడో ముద్రణలోని అంకెలతో సరిపోతున్నాయని ఒక ఖగోళవేత్త చూపారు. పాస్కల్ 1662లోనే మరణించారు. కాగితం పాతదే, అక్షరాలు పాతవాటిలాగే ఉన్నాయి, కానీ ఉత్తరంలోని విషయం అబద్ధమాడింది. భౌతిక శాస్త్రవేత్తల ఉత్తరాలకు ఈ సదుపాయం ప్రత్యేకంగా ఉంది: వాటిలో అంకెలు, స్థిరాంకాలు, పదాలు ఉంటాయి, ప్రతి దానికీ పుట్టిన సంవత్సరం ఉంటుంది. 1890ల ఉత్తరంలో ప్రోటాన్ అనే మాట ఉండటానికి వీల్లేదు.

రెండో కథ మరీ ఇటీవలిది. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఎంతో ప్రతిష్ఠ తెచ్చిన గెలీలియో పత్రం ఒకటి ఉండేది. 1609 నాటి లేఖ చిత్తు, దాని కింద 1610లో బృహస్పతి ఉపగ్రహాలను చూసి రాసుకున్న గుర్తులు. చరిత్రకారుడు నిక్ వైల్డింగ్ అడిగిన ప్రశ్నలతో గ్రంథాలయం దాన్ని మళ్లీ పరిశీలించి, 2022 ఆగస్టులో అది ఇరవయ్యో శతాబ్దపు నకిలీ అని స్వయంగా ప్రకటించింది. కాగితంలోని నీటిముద్రలో, అంటే వెలుగుకు ఎత్తి పడితే కనిపించే తయారీదారు గుర్తులో, ఇటలీలోని బెర్గామో పట్టణాన్ని సూచించే బి.ఎం.ఓ. అనే అక్షరాలు ఉన్నాయి; ఆ గుర్తు ఉన్న కాగితం 1770కి ముందు ఎక్కడా కనబడలేదు. చేసినవాడు టోబియా నికోట్రా అనే ఇటలీ కూటలేఖకుడని తేలింది. అంతకుముందు ఆ పత్రాన్ని నిజమైనదని ధ్రువీకరించింది ఒక మతాచార్యుడు తన దగ్గరున్న గెలీలియో పత్రాలతో పోల్చి చూసి. ఆ పత్రాలు కూడా నికోట్రా చేతి నుంచి వచ్చినవే. అందుకే పోలికకు తెచ్చుకునే నమూనా ఎక్కడిదన్నది, పరీక్షించే ఉత్తరం ఎక్కడిదన్న ప్రశ్నకంటే ముందు అడగాలి. గ్రహీత నుంచి నేరుగా గ్రంథాలయానికి చేరి, అక్కడే ఉన్న ఉత్తరాలతోనే పోల్చాలి.

ఇక ఇంట్లో చేయదగిన పరీక్షలు. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, సన్నని వెలుగు పలక, చిన్న అతినీలలోహిత దీపం ఉంటే చాలు.

భూతద్దం కింద మొదట చూడవలసింది అది రాతా, అచ్చా అన్నది. చుక్కల జాలీ కనిపిస్తే అది అచ్చు. కాగితం మీద పొడి కరిగి అంటుకున్నట్టు మెరిస్తే అది యంత్రపు నకలు. నిజమైన రాతలో గీతలు ఒకదాన్నొకటి దాటినచోట సిరా చిక్కబడుతుంది, ఉక్కు పాళీ నొక్కినచోట గీతకు ఇరువైపులా సన్నని గాడులు పడతాయి. నేను మొదట్లో కొన్న ఒక ఉత్తరం ఇలాగే ఒక స్మారక సంచికలో వేసిన అచ్చు నకలు అని తేలింది. కొనకముందు భూతద్దం పెట్టి చూసి ఉంటే అర నిమిషంలో తెలిసేది.

అనుకరించే చేయి నెమ్మదిగా కదులుతుంది. గీత మొదలు, చివర మొద్దుగా ఉంటాయి. సహజంగా ఆగనిచోట కలం లేచి మళ్లీ ఆనినట్టు కనిపిస్తుంది. వంపుల్లో సన్నని వణుకు ఉంటుంది. ముసలితనపు వణుకు వేరు, అది అన్ని అక్షరాల్లో ఒకేలా ఉంటుంది. పాత కాగితం మీద కొత్తగా రాస్తే, కాగితానికి పూసిన బంక కాలక్రమాన క్షీణించి ఉంటుంది కనుక సిరా అంచుల్లో ఈకల్లాగా పాకుతుంది. మడత మీద పడిన అక్షరాన్ని తప్పక చూడాలి: ముందు రాసి తర్వాత మడిస్తే మడతలో సిరా పగులుతుంది, ముందే మడిచి ఉన్న కాగితం మీద రాస్తే నలిగిన పోగుల్లోకి సిరా ఇంకుతుంది.

సిరాకూ కాలం ఉంది. పంతొమ్మిదో శతాబ్దం చివరిదాకా ఎక్కువగా వాడినది మాచికాయ కషాయంలో అన్నభేది కలిపి చేసిన సిరా. అది మొదట నల్లగా ఉండి, దశాబ్దాలు గడిచాక గోధుమరంగుకు తిరుగుతుంది, కాగితం వెనకవైపుకు దిగుతుంది. బాల్‌పాయింట్ పెన్నులు 1940ల మధ్యలోనే విరివిగా బజారుకు వచ్చాయి. కాగితాన్ని తెల్లగా మెరిపించే రసాయనాలు సుమారు 1950 నుంచి కలుపుతున్నారు. 1920ల ఉత్తరం అతినీలలోహిత కాంతిలో నీలితెలుపుగా జిగేలుమంటే ఆ కాగితం ఆ కాలానిది కాదు. 1840కి ముందు కవర్ల వాడకం తక్కువ. కాగితాన్నే మడిచి, లక్కతో ముద్రవేసి, వెనక చిరునామా రాసేవారు. అటువంటి ఉత్తరంలో చిరునామా పుట, ముద్ర చిరిగిన చోటు, తపాలా గుర్తు మూడూ కలిసి సాక్ష్యం చెబుతాయి.

ఈ పరీక్షలన్నీ నకిలీని నకిలీ అని చెప్పగలవు గానీ, అసలును అసలని చెప్పలేవు. ఆ పని చేయగలిగేది ఉత్తరం చేతులు మారిన చరిత్ర, అందులోని విషయం.

ఎవరిది, ఎక్కడి నుంచి వచ్చింది

పంతొమ్మిదో శతాబ్దంలో గణితవేత్త గులియెల్మో లిబ్రి ఫ్రాన్సు గ్రంథాలయాల నుంచి పెద్దఎత్తున పత్రాలు దొంగిలించి అమ్ముకున్నాడు. అలా పోయిన వాటిలో ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్ట్ 1641లో తన మిత్రుడైన పండితుడు మెర్సెన్‌కు రాసిన ఉత్తరం ఒకటి అమెరికాలోని హేవర్‌ఫర్డ్ కళాశాలలో ఉందని 2010లో ఒక పరిశోధకుడు గుర్తించారు. దాన్ని దానంగా పొందిన ఆ కళాశాల, దొంగసొత్తని తెలియగానే ఫ్రాన్సుకు తిరిగి ఇచ్చింది. నూటయాభై ఏళ్లు గడిచినా దొంగతనం దొంగతనమే.

అందువల్ల అమ్మేవారిని సూటిగా అడగాలి: ఇది ఎవరికి రాసింది, ఆ కుటుంబం నుంచి ఎవరు కొన్నారు, ఏ వేలంలో ఏ సంవత్సరం వచ్చింది, అచ్చైన సంపుటాల్లో ఉందా, ఉంటే అప్పుడు ఎవరి దగ్గర ఉన్నట్టు రాశారు. కాగితం మీద గ్రంథాలయ ముద్ర, చెరిపిన పెన్సిలు అంకె, కుట్టు విప్పిన అంచు ఉంటే ఆ సంస్థకు నేరుగా రాసి కనుక్కోవాలి. సమాధానం వచ్చేదాకా డబ్బు కట్టకూడదు. మంచి విక్రేత ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు.

దేశం దాటించేటప్పుడు చట్టాలు అడ్డు వస్తాయి. బ్రిటన్‌లో 50 ఏళ్లు దాటిన చేతిరాత పత్రాలను బయటికి పంపడానికి అనుమతి అవసరం. ఫ్రాన్సులో వేలం ముగిసిన వెంటనే అదే ధరకు ఆ పత్రాన్ని తానే తీసుకునే హక్కు ప్రభుత్వానికి ఉంది. ఆ అనుమతులు ఎవరు తెస్తారో కొనుగోలుకు ముందే రాసుకోవాలి.

భద్రపరచడం

శుభ్రంగా కడిగి ఆరబెట్టుకున్న చేతులతో పట్టుకోవాలి. నూలు తొడుగులు వేసుకుంటే వేళ్లకు స్పర్శ తెలియక అంచులు చిరుగుతాయి. దగ్గర పెన్సిలు తప్ప వేరే కలం ఉంచకూడదు. ఒక్కో ఉత్తరాన్ని ఆమ్లరహిత మడతపత్రంలో గానీ, పాలిస్టర్ తొడుగులో గానీ పెట్టి, ఆమ్లరహితపు అట్టపెట్టెలో బల్లపరుపుగా ఉంచాలి. పి.వి.సి. తొడుగులు కాలక్రమాన ఆమ్లాన్ని వదులుతాయి, పనికిరావు. అతికించే టేపు, ప్లాస్టిక్ పొర పూయించడం, ఉక్కు పిన్నులు, రబ్బరు పట్టీలు, ఇవేవీ దగ్గరికి రానివ్వకూడదు. చిరుగును సరిచేయడం పత్ర సంరక్షణ నిపుణుల పని.

గాలిలో తేమ 35 నుంచి 50 శాతం మధ్య నిలకడగా ఉండాలి. అన్నభేది సిరాకు తేమ శత్రువు; తడి తగిలితే అందులోని ఆమ్లం, ఇనుము కాగితాన్ని అక్షరం ఆకారంలోనే తినేస్తాయి. 1850ల తర్వాత కలపగుజ్జుతో చేసిన కాగితం తనంతట తానే పెళుసెక్కుతుంది, అంతకుముందు నారగుడ్డలతో చేసిన కాగితం నాలుగు వందల ఏళ్లైనా చెక్కు చెదరదు. గోడకు తగిలించాలనిపిస్తే మంచి నకలు తగిలించండి, అసలు ప్రతి పెట్టెలో ఉండనివ్వండి. వెలుగు చేసిన హానిని మళ్లీ సరిదిద్దలేం.

క్యూరీ దంపతుల ప్రయోగశాల కాగితాల విషయంలో మరో జాగ్రత్త ఉంది. మేరీ క్యూరీ నోటు పుస్తకాలు ఇప్పటికీ రేడియోధార్మికంగానే ఉన్నాయి, పారిస్‌లోని జాతీయ గ్రంథాలయం వాటిని సీసపు పెట్టెల్లో ఉంచుతోంది. రేడియం-226 అర్ధాయువు సుమారు 1600 ఏళ్లు. ఆమె రాసిన ప్రతి ఉత్తరమూ అలాంటిది కాదు, కానీ ప్రయోగశాల నుంచి వచ్చిన పత్రపు రేడియోధార్మికతను కొలిపించాకే దాన్ని ఇంటికి తెచ్చుకోవాలి.

నమోదు

ఉత్తరం చేతికి వచ్చిన రోజే దాని కొలతలు, నీటిముద్ర, సిరా రంగు, మడతలు, ఎవరి నుంచి ఎంతకు కొన్నది, పూర్వ యజమానులు, అన్నీ రాసిపెట్టాలి. ఇరువైపులా, కవరుతో సహా, మామూలు వెలుగులోనూ ఏటవాలు వెలుగులోనూ ఫొటోలు తీయాలి. ఆ తర్వాత మొత్తం పాఠాన్ని అక్షరం తప్పకుండా మీరే ఎత్తిరాయాలి. కొట్టివేతలు, పైన చేర్చిన మాటలు, తప్పులు కూడా యథాతథంగా. ఎత్తిరాస్తున్నప్పుడు మాత్రమే కొన్ని సంగతులు కంటపడతాయి: మూడో పుటలో సిరా మారిందని, అంటే రచయిత మధ్యలో లేచి వెళ్లి మళ్లీ వచ్చారని.

కాగితం మీ సొంతమైనంత మాత్రాన రాసిన మాటలు మీవి కావు. కాపీహక్కు రచయిత వారసులదీ, లేదా ఆయన రాసి ఇచ్చిన సంస్థదీ. చాలా దేశాల్లో అది రచయిత మరణానంతరం 50 లేదా 70 ఏళ్లు నడుస్తుంది. ప్రచురించే ముందు ఆ లెక్క చూసుకోవాలి. అయితే పండితులకు చూపించడానికి ఆ అడ్డంకి లేదు. ఆ శాస్త్రవేత్త పత్రాలను సంపాదకత్వం వహించి వెలువరిస్తున్న బృందం ఉంటే, మీ దగ్గర ఉత్తరం ఉన్నట్టు వారికి తెలియజేసి బొమ్మలు పంపండి. ఎన్నో ఏళ్లుగా సగమే తెలిసిన సంభాషణకు మీ దగ్గరున్న కాగితమే జవాబు కావచ్చు. చాలామంది సేకర్తలు దాచుకోవడంలోనే గొప్ప ఉందనుకుంటారు, నేను ఒప్పుకోలేను.

ఇంట్లోవారికి తెలియకుండా సేకరణను ఉంచకూడదు. పెట్టెలో పైన ఒక కాగితం మీద, ఇవి ఏమిటి, వీటిని విడదీయకుండా ఎవరికి అప్పగించాలి, ఏ భాండాగారంతో ముందుగా మాట్లాడి ఉంచారు అన్నది పెన్సిలుతో రాసి, తేదీ వేసి పెట్టండి. ఏటా ఒకసారి పెట్టె తెరిచి గాలి తగలనిచ్చేటప్పుడు ఆ కాగితాన్ని కూడా సరిచూసుకోండి.